ఏడో పాపం

మద్రాసు,
8 జూలై 1945.

ఆరోగ్యమ్మత్తకు శౌరి నమస్కారాలు.

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువుకో. నాయనకు చదివి వినిపించొద్దు. అడిగితే పరీక్షల సంగతులు రాశాడని చెప్పు.

అత్తా, నాకు క్షయ వచ్చింది.

ఎవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టాను. డాక్టరు చదువు నాలుగో ఏడు చదివేవాడికి ఆ మాత్రం తెలియదా? వేసవి నుంచి చిక్కిపోతున్నాను. పోయిన క్రిస్మసుకు నువ్వు కుట్టించిన చొక్కా ఇప్పుడు భుజాల మీంచి జారిపోతోంది. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగదు. ఇంకా తెల్లవారకుండానే మెలకువ వస్తుంది, కానీ ఒళ్ళు లేవదు. మార్చిలో మా క్లాసును క్షయ వార్డు డ్యూటీకి వేశారు. నా వయసు కుర్రాడొకడు అక్కడ నా చెయ్యి పట్టుకునే పోయాడు. ఆ రోజు మధ్యాహ్నం కూడా మాకు క్లాసు ఉంది. వెళ్ళాను.

నా రూములో గోపాలకృష్ణయ్య అని ఉంటాడు. నరసరావుపేట ప్లీడరుగారి అబ్బాయి, క్లాసులో ఎప్పుడూ వాడే ఫస్టు. వాడికి చెబితే నవ్వాడు. “మనవాళ్ళకు ఏ పాఠం చెబితే ఆ జబ్బే వస్తది లేరా. గుండె పాఠం చెప్పిన వారం క్లాసు క్లాసంతా నాడి పట్టుకుని కూర్చోలా?” అన్నాడు. నిజమే గాని నాది అట్లాంటిది కాదు.

ఈ జబ్బుకు మందు లేదని నీకు తెలుసు. నెలాఖరుకు చదువు మానేస్తాను. ఇంటికి మాత్రం రాను, నీకూ నాయనకూ అంటించలేను. ఆయనతో ఏం చెప్పాలో నువ్వే ఆలోచించు. నన్ను చదివించడానికి ఆయన పడ్డ కష్టం తలుచుకుంటే ఈ ఉత్తరం కూడా రాయబుద్ధి కావడం లేదు.

శౌరి

—

రెంటచింతల,
13 జూలై 1945.

ఒరేయ్ శౌరీ,

దేవమాత నిన్ను కాపాడాలి. ఆ తర్వాత నా చేతుల్లో తన్నులు తినాలి నువ్వు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఎవరూ చూడకుండా, ఎవరూ చెప్పకుండా క్షయ వచ్చేసిందా నీకు?

దగ్గుందా? ఉత్తరమంతా వెతికాను, దగ్గన్న మాటే లేదు. జ్వరం? నెత్తురు? మన మేస్త్రి ఇన్నయ్య క్షయతోనే కదా పోయాడు. నడివీధి దాకా వినబడేది ఆ దగ్గు. దగ్గులేని క్షయ పల్నాట్లో ఎక్కడా లేదురా, మద్రాసులో కొత్తగా పుట్టిందేమో రాయి.

మీ ఆస్పత్రిలో లోపలి ఎముకలు కూడా కనబడేట్టు ఫోటో తీసే మిషను ఉందని నువ్వే చెప్పావు. ముందు దాని కింద నిలబడు. ఊపిరితిత్తి అందులో నల్లగా కనబడుతుందా, తెల్లగానా? రంధ్రాలు తెలుస్తాయా? అన్నీ వివరంగా రాయి. నువ్వు చేరిన ఏడు, శవాన్ని కోసినప్పుడు ఆత్మ ఉండి వెళ్ళిపోయిన చోటు ఖాళీగా కనబడుతుందా అని అడిగాను. ఇంతవరకు జవాబు లేదు. చదివిన మేనల్లుడు ఉండి ఏం లాభం?

మీ నాయన మిరప నారు పోస్తున్నాడు. “ఏందక్కా, కాయితమేమో అంత పొడుగుంది, ఒక్క ముక్కా చదవవేంది?” అన్నాడు. “అన్నీ ఇంగ్లీషు రోగాలురా రాయప్పా, నీకు తెలియవు” అన్నాను. శనివారం చర్చిలో స్వాములవారి దగ్గర పాపసంకీర్తనం చేసేటప్పుడు ఈ అబద్ధం కూడా ఒప్పుకోవాలి, నీ పుణ్యమా అని.

చదువు మానేస్తానన్న మాట మళ్ళీ రాస్తే ఊరుకోను.

నీ అత్త

—

మద్రాసు,
29 జూలై 1945.

అత్తకు,

ఫోటో తీయించుకున్నాను. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి అందులో నల్లగా ఉంటుంది, గాలి నిండి ఉంటుంది కనుక. జబ్బు చేసిన చోటు తెల్లగా కనబడుతుంది. నాకు రెండువైపులా నలుపే. “గుర్రంలా ఉన్నావు, పో” అని మా ప్రొఫెసరుగారు వీపు తట్టారు. ఇంకేమీ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఒక వింత చెబుతాను. నాకు సంతోషం కలగలేదు. బయటకు వచ్చి మెట్ల మీద కూర్చుంటే ఏడుపొచ్చింది. క్షయ అయితే దానికొక పేరుండేది. శౌరికి జబ్బు చేసింది పాపం అనేవాళ్ళు. ఇప్పుడు నాకు ఏ జబ్బూ లేదు. అయినా పొద్దున మంచం దిగలేకపోతున్నాను. పుస్తకం తెరిస్తే చదివిన వాక్యమే మళ్ళీ చదువుతున్నాను. క్లాసులు తప్పిపోతున్నాయి. ఇదేమిటి?

ఆదివారం చర్చికి వెళ్ళి పాపసంకీర్తనం చేశాను. ఏం పాపమని చెప్పాలో తోచలేదు. చిన్నప్పుడు నువ్వు జ్ఞానోపదేశం క్లాసులో వేళ్ళు మడిచి నేర్పిన ఏడు మూల పాపాలూ వరసగా తలుచుకున్నాను. గర్వం కాదు, లోభం కాదు, మోహం కాదు. కోపం రావడానికి కూడా ఓపిక లేదు. తిండి మీద యావ అసలే లేదు. అసూయ ఎవరి మీద పడను? చివరకు ఏడోది మిగిలింది. సోమరితనం. అదే చెప్పాను. రోజూ తెల్లవారుజామున పూజకు రమ్మని, ఒక జపమాల చెప్పుకోమని ఇక్కడి స్వాములవారు ప్రాయశ్చిత్తం ఇచ్చారు.

పేరు దొరికింది గదా, ఇక తగ్గుతుందేమో చూడాలి. నీకేమనిపిస్తుంది?

శౌరి

—

రెంటచింతల,
4 ఆగస్టు 1945.

చిరంజీవి శౌరికి,

అమ్మయ్య! మూడు వారాల తర్వాత ఇవాళే స్థిమితంగా కూర్చున్నాను. సోమరితనమే అయితే దాని మందు నా దగ్గర ఉంది. ఇంతమంది పిల్లలకు పాఠం చెప్పినదాన్ని, నీ ఒక్కడి సోమరితనం వదిలించలేనా?

మెలకువ రాగానే లేచి చన్నీళ్ళు పోసుకో. పగలు మంచం ఎక్కకు. బుధవారం, శుక్రవారం రాత్రి భోజనం మానేసి ఆ ఫలం దేవమాతకు ఒప్పజెప్పు. సోమరికి ఆకలిని మించిన బెత్తం లేదు. లేవబుద్ధి కానప్పుడల్లా మీ నాయన ఈ ఎండలో ఎట్లా వంగి పనిచేస్తున్నాడో తలుచుకో, సిగ్గుతో నువ్వే లేస్తావు. గట్టిగా రాస్తున్నానని బాధపడకు. నా పెంపకంలో పెరిగినవాడివి, నిన్ను కాక ఎవరిని అంటాను?

ఫోటో సంగతి మాత్రం భలేగా ఉంది. మంచిది నల్లగా, చెడ్డది తెల్లగానా! మేమేమో పాపం నలుపనీ పుణ్యం తెలుపనీ పిల్లలకు చెబుతున్నాం. స్వాములవారికి చెబితే చాలాసేపు నవ్వారు. ఎముకలు కూడా తెల్లగానే పడతాయా? అవి జబ్బు కాదు గదా? రాయి.

అత్త

—

మద్రాసు,
10 సెప్టెంబరు 1945.

అత్తకు,

ఆలస్యమైంది, క్షమించు. నువ్వు చెప్పినవన్నీ చేస్తున్నాను. లేస్తున్నాను, స్నానం చేస్తున్నాను, పూజకు వెళ్తున్నాను. పూజలో నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. ఉపవాసం బుధ శుక్రవారాలే కాదు, చాలా రోజులు అట్లాగే గడిచిపోతోంది. అసలు ఆకలే లేదు కనుక ఉపవాసం నాకేమీ కష్టంగా లేదు. కష్టం లేనిదానికి ఫలం ఉంటుందా?

యుద్ధం అయిపోయిందని పోయిన నెల హాస్టలంతా ఒకటే కేకలు, టపాకాయలు. నేను కిటికీలోంచి చూశాను. అందరికీ ఎందుకంత సంతోషమో అర్థం చేసుకుందామని చూశాను.

నేను మామూలు సోమరిని కాదత్తా, మహా సోమరిని. ఎవరికీ ఎందుకూ పనికిరాను. నా పుస్తకాలన్నీ గోపాలకృష్ణయ్యకు ఇచ్చేశాను. వాడికైతే ఉపయోగపడతాయి.

నాయనను జాగ్రత్తగా చూసుకో.

శౌరి

—

రెంటచింతల,
14 సెప్టెంబరు 1945.

నా బంగారు తండ్రీ,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. ఉపవాసం కష్టంగా లేదన్న ముక్క దగ్గర ఆగిపోయాను. చిన్నప్పుడు ఈస్టరు ముందు తపస్సు కాలంలో ఒక్క పూట తిండి మానమంటే దొడ్డిదారిన పోయి పచ్చి జొన్నలు నమిలినవాడివి నువ్వు. తెల్లవారకముందే లేచి కూర్చునే సోమరి ఎక్కడైనా ఉంటాడా అని అప్పుడు తట్టింది నాకు. ఇన్నేళ్ళు సోమరితనం గురించి పాఠం చెప్పాను గాని, అసలు సోమరివాడికి లోపల ఎట్లా ఉంటుందో ఒక్కణ్ణీ అడిగిన పాపాన పోలేదు.

అందుకని అడగడానికే వెళ్ళాను. మన రైలు స్టేషనులో గూడ్సు షెడ్డు అరుగు మీద పుల్లయ్య ఎప్పుడూ పడుకుని ఉంటాడు, నీకు తెలుసుగా. ఊళ్ళో అతణ్ణి మించిన సోమరి లేడని అతని పెళ్ళామే చెబుతుంది. నన్ను చూసి మోచేతి మీదికి లేచాడు. అతనికి అదే చాలా పెద్ద మర్యాద.

“పుల్లయ్యా, నువ్వు సోమరివి కదా?” అన్నాను.

“అవునమ్మా,” అన్నాడు. ఏమీ నొచ్చుకోలేదు.

“పనీపాటా లేకుండా పడుకుంటే లోపల ఎట్లా ఉంటదయ్యా?”

“చానా బాగుంటదమ్మా. గాలి తగులుద్ది. రైలొచ్చిద్ది, రైలు పోద్ది. మనం పోనక్కర్లా.”

“ఆకలి అయిద్దా?”

“అదేం మాట! అందరికన్నా ముందు నాకే అయిద్ది. మా ఆడది తిడతా పెట్టుద్ది. తిట్టేకొద్దీ రెండు ముద్దలు ఎక్కువే తింటా.”

“నిద్ర పట్టుద్దా?”

“నెత్తిమీద ఇంజను కూత పెట్టినా లేవను.”

“ఎవరన్నా తమాషా చేస్తే నవ్వొచ్చిద్దా?”

“ఇప్పుడు మీరడిగేదానికే ఆపుకోలేక చస్తన్నా.”

“నేనెందుకూ పనికిరానని ఎప్పుడన్నా ఏడ్చావా?”

అప్పుడు పూర్తిగా లేచి కూర్చున్నాడు శౌరీ. “ఎవురమ్మా అట్టా ఏడిసేది? ఆ మనిషిది సోమరితనం కాదు, ఒంట్లో బాగోక. ఎవురికన్నా చూపియ్యండి,” అన్నాడు.

ఇంటికి వస్తూనే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. నీకున్నది సోమరితనం కాదురా. పాపమే కాదు. అదేమిటో నాకు తెలియదు గాని, ఏది కాదో తెలిసింది. నేను చెప్పిన ఉపవాసాలు, చన్నీళ్ళు ఈ క్షణం నుంచి ఆపెయ్యి. రెండు పూటలా ఏదో ఒకటి తిను. పాలైనా తాగు.

ఇంకొకటి అడుగుతాను. పుస్తకాలు పంచిపెట్టానని రాశావు, నాయనను చూసుకోమన్నావు. శౌరీ, నీకు చచ్చిపోవాలని ఉందా? దాచకు. నేను తిట్టను, ఏడవను, ఎవరికీ చెప్పను. ఉంటే “రా” అని తంతి కొట్టు. పోస్టుమాస్టరుకు ఇంకేమీ తెలియనక్కర్లేదు. అందాకా ఒంటరిగా ఉండకు. ఆ గోపాలకృష్ణయ్యను అంటిపెట్టుకునే ఉండు.

నీ అత్త

—

తంతి
మద్రాసు, 17 సెప్టెంబరు 1945

రా. శౌరి.

—

మద్రాసు,
11 నవంబరు 1945.

అత్తకు,

నువ్వు రైలెక్కి వెళ్ళాక ఇదే మొదటి ఉత్తరం. నువ్వు చేర్పించిన ఆస్పత్రిలోనే ఉన్నాను. నువ్వు సిఫారసు చేసి వెళ్ళావు గనుక వార్డు ఆయా రోజూ దగ్గర కూర్చుని మరీ తినిపిస్తోంది. “మీ అత్త మళ్ళీ వస్తే నన్ను చంపుద్ది” అంటోంది. సాయంత్రం పూట కాసేపు చదవగలుగుతున్నాను.

పిచ్చాసుపత్రికి వెళ్దాం పద అని నువ్వు చెయ్యి పట్టుకున్నప్పుడు నేనెందుకు మొండికేశానో అప్పుడు చెప్పలేదు. ఇక్కడి వార్డుకు మా క్లాసును కూడా తీసుకువెళ్తారత్తా. మేం కోట్లు వేసుకుని మంచం చుట్టూ నిలబడి రోగిని చూస్తాం. ఆ మంచం మీద నేను పడుకుంటే మావాళ్ళు వచ్చి నిలబడతారని భయం. నిలబడ్డారు కూడా. నన్ను చూసే డాక్టరుగారు నా మంచం దగ్గర ఆగకుండా పక్కదానికి తీసుకుపోయారు. ఆ మర్యాదకు ఆయన కాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

నువ్వడిగిన ప్రశ్నలు ఆయనను అడిగాను. దీనికి పాత పుస్తకాల్లో మెలంకోలియా అని పేరు. ఇప్పుడు డిప్రెషన్ అంటున్నారు. ఒట్టి దిగులు కాదు. దిగులుపడ్డ మనిషి మంచి మాట చెబితే కాస్త తేరుకుంటాడు. ఇది వచ్చినవాడికి మంచి మాట లోపలికే పోదు. ఆకలి, నిద్ర, ఆశ, మూడూ కలిసి పోతాయి. చేయని తప్పులన్నీ తనవేనని తోస్తుంది. పొద్దున ఎక్కువగా, సాయంత్రం తక్కువగా ఎందుకుంటుందని అడిగావు గదా. ఆయనకూ తెలియదట. “మీ అత్తగారు అడిగింది మంచి ప్రశ్న, జవాబు ఇంకా ఎవరి దగ్గరా లేదు” అన్నారు. ఆ మాట వినగానే నాకు ఉత్సాహం కలిగింది. ఏదైనా తెలుసుకోవాలనిపించి ఎన్నాళ్ళయిందో!

చావు గురించి నువ్వు తిన్నగా అడిగావని చెప్పాను. అది అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది డాక్టర్లే జంకుతారట. అడిగితే పుట్టదు, ఒక్కడే మోస్తున్న మూట దించుకోడానికి చోటు దొరుకుతుంది, అన్నారు. నాకు అట్లాగే జరిగింది. నీ ఉత్తరం చదివిన రోజు నేను సముద్రం ఒడ్డుకు వెళ్ళాలనుకున్నాను. పోస్టాఫీసుకు వెళ్ళాను.

ఈ ఏడు పరీక్షలకు కూర్చోవద్దన్నారు. ఒక ఏడు పోతుంది. నాయనకు ఎట్లా చెప్పడం?

శౌరి

—

రెంటచింతల,
18 నవంబరు 1945.

చిరంజీవి శౌరికి,

చెప్పేశాను. నీకు పని తప్పింది.

మీ నాయన మిరపచేలో ఉండగా వెళ్ళి గట్టు మీద కూర్చోబెట్టి, మొక్కు తీర్చుకోడానికని చెప్పి మద్రాసు వెళ్ళిన సంగతితో సహా మొత్తం చెప్పాను. అంతా అయ్యాక “పిచ్చా?” అన్నాడు.

“కాదురా.”

“మరేంది?”

“మనసుకొచ్చిన జ్వరం అనుకో.”

“జొరమైతే తగ్గిద్దిగా?”

“తగ్గుతోంది. ఒక ఏడు చదువు పోద్ది.”

“పోతే పోనియ్. మిరప పోయిన ఏడు లేదా మనకి? మళ్ళీ ఎయ్యలా?” అని లేచాడు. నాలుగు అడుగులు వేసి వెనక్కి వచ్చి నా మీద పడ్డాడు. “జూలై నుంచి తెలిసి నాకు చెప్పలేదేందక్కా? పిల్లోడు అక్కడ అట్టా పడుంటే నేను ఇక్కడ చేను చూసి మురుస్తా తిరిగానే! ఊళ్ళో నవ్వినోళ్ళందరితో నవ్వానే!” అని పెద్దగా ఏడ్చాడు. మీ అమ్మ పోయినప్పుడు కూడా ఇంతగా ఏడవలేదు. నేనూ ఏడ్చాను. కూలీలు ఎవరో చచ్చిపోయారనుకుని పరుగెత్తుకొచ్చారు.

ఇప్పుడు నా ప్రశ్నలు. నీ ఒక్కడికే ఎందుకు రావాలి? హాస్టల్లో నీ పక్క మంచం వాడు కూడా అదే అన్నం తిని అదే చదువు చదివేవాడేగా? ఒకవేళ వాళ్ళకూ ఉండి, నీలాగే క్షయ అనో, పాపం అనో దాచుకున్నారేమో! అడిగావా? అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఓపిక వచ్చాక అడుగు. ముందు తిను.

అత్త

—

మద్రాసు,
17 ఫిబ్రవరి 1946.

అత్తకు,

హాస్టలుకు తిరిగి వచ్చి నెల దాటింది. నాకంటే చిన్నవాళ్ళతో క్లాసులో కూర్చుంటున్నాను. కొంత నామోషీగానే ఉంటుంది, ఉండనీ. పొద్దుటిపూట ఒక్కోరోజు ఇంకా బరువుగానే ఉంటుంది. ఆ రోజు నన్ను నేనే తిట్టుకోకుండా డాక్టరుగారి దగ్గరికి వెళ్తున్నాను.

నువ్వన్నట్టు అడిగాను. మొదట మెస్సులో పుల్లయ్యతో నీ సంభాషణ చదివి వినిపించాను. పడీపడీ నవ్వారు. ఆ మర్నాడు ఒకడు బట్టలు ఆరేసుకునే చోట నన్ను పట్టుకుని, “నిన్నటి నుంచి ఆలోచిస్తున్నా. నేను కూడా పుల్లయ్య పరీక్షలో తప్పాను” అన్నాడు. ఇంకొకడు కడుపులో పుండని మూడు నెలలుగా పాలు మాత్రమే తాగుతున్నాడు. ఇంకొకడు గుండె జబ్బని మేడమెట్లు ఎక్కడం మానేశాడు. ఎవరికి చదివిన జబ్బు వాళ్ళు తగిలించుకున్నారు. డాక్టరుగారూ నేనూ కలిసి, పేర్లు రాసుకోకుండా, ఒప్పుకున్నవాళ్ళందరినీ అడిగాం. అత్తా, నలుగురిలో ఒకడికి ఎంతో కొంత ఉంది!

వైద్యం చదివేవాళ్ళకే ఇంతగా ఎందుకని రోజూ ఇద్దరం తర్కించుకుంటున్నాం. నిద్ర లేకపోవడం అంటారాయన. పరీక్ష మీద పరీక్ష. పొద్దున చావును చూసి మధ్యాహ్నం ఏమీ చూడనట్టు క్లాసుకు పోవడం. నేనైతే సిగ్గు అంటాను. పదిమందికి జబ్బు నయం చేయబోయేవాడికి జబ్బు రావడమేమిటని సిగ్గు. పైగా ఏ లక్షణాన్ని ఎట్లా కప్పిపెట్టాలో మాకంటే బాగా ఎవరికి తెలుసు? ఇందులో ఏది ఎంత నిజమో ఇంకా తెలియదు. ఇక్కడే కాదు, ఇంకో కాలేజీలో కూడా అడగాలి.

గోపాలకృష్ణయ్యను మాత్రం అడగలేదు. వాడికేం, ఈసారీ వాడే ఫస్టు. పుల్లయ్య మాటలకు అందరికంటే పెద్దగా నవ్వింది వాడే. మొన్న గురువారం వాడు నా పుస్తకాలన్నీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు, నీవి నీకు ఇచ్చేస్తున్నాను అని. వాటి కింద వాడివి కూడా ఉన్నాయి. వాడి రిస్టువాచీ కూడా.

ఎంత బుద్ధిహీనుణ్ణి! ఇన్నాళ్ళూ నన్ను కనిపెట్టుకుని ఉన్నవాడు. నా పక్క మంచమే.

తలుపు వేసి వాడి ఎదురుగా కూర్చుని నువ్వడిగినట్టే అడిగాను. చచ్చిపోవాలని ఉందారా, అన్నాను. వాడు నవ్వబోయాడు, నవ్వు రాలేదు. గోడకేసి చూస్తూ, “మీ డాక్టరు ఎన్నింటికి వస్తాడు?” అన్నాడు. చెప్పులు కూడా వేసుకోకుండా ఇద్దరం వెళ్ళాం.

వాడు నేనున్న వార్డులోనే ఉన్నాడు. నిన్న నిద్ర పట్టింది. నరసరావుపేటలో వాళ్ళమ్మ ఒక్కతే. వాడి నాన్న ప్లీడరుగారు పోయిన ఏడు చనిపోయారు, వాడు ఆ మాట కూడా ఎవరితోనూ అనలేదు. ఆమెకు ఉత్తరం రాద్దామని కూర్చుని నాలుగు కాగితాలు చించేశాను. ఏం రాస్తే ఆ తల్లి తట్టుకుంటుంది? నీకైతే ఏం రాసి ఉంటే బాగుండేది? నువ్వే చెప్పాలి.

శౌరి

—

రెంటచింతల,
20 ఫిబ్రవరి 1946.

శౌరీ,

అడిగావు గనుక చెబుతున్నాను. లేకపోతే చెప్పేదాన్ని కాదు.

సెప్టెంబరు నుంచీ నీ ఉత్తరం ఒక్కటి కూడా నేను పైనుంచి చదవలేదు. ముందు కవరు తిప్పి మద్రాసు పోస్టు ముద్ర చూసేదాన్ని. ముద్ర మూడు రోజుల కిందటిది. అంటే మూడు రోజుల కిందట నువ్వు లేచావు, పోస్టు డబ్బా దాకా నడిచావు. అంతవరకు ఉన్నావు. ఆ తర్వాత మూడు రోజుల సంగతి కవరులో ఉండదుగా. లోపల నువ్వు ఎంత బాగున్నానని రాసినా అది మూడు రోజుల నాటి మాటే. చదివి మడిచి పెట్టి, మళ్ళీ పోస్టు జవాను వచ్చేదాకా ఆ రోజులను మోసేదాన్ని. ఇప్పటికీ అంతే. ఈ ఉత్తరం కూడా అట్లాగే విప్పాను.

గోపాలకృష్ణయ్య తల్లి ఒంటరిది. ఆ మూడు రోజులు ఆమె నెత్తిన పెట్టకు. నువ్వు ఏ మాట రాసినా తట్టుకోలేదు.

డాక్టరుగారు సరేనన్న రోజున వాణ్ణి వెంటబెట్టుకుని నువ్వే రైలెక్కు. నరసరావుపేటలో దిగి వాళ్ళింటికి నడిపించుకు వెళ్ళు. తలుపు నువ్వు కొట్టు, కానీ వాణ్ణి ముందు నిలబెట్టు. చెప్పవలసిందంతా ఆమె వాణ్ణి పట్టుకున్న తర్వాత చెబుదువుగాని.

ఉత్తరం రాయకు.

అత్త